కాగితం పోయిన చోట ఏమి వచ్చింది? డ్రాకులాపై వ్యాసం రాస్తున్న యువ రచయితకు లేఖ

అనంతపురం,
ఆదివారం

నాయనా,

నీవు ధర్మవరం నుంచి పంపిన వ్యాసం అందింది. బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన, ట్రాన్సిల్వేనియా కోటలోని రక్తపిశాచి కథ ‘డ్రాకులా’ నవలనూ, దాని ఆధారంగా ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా 1992లో తీసిన చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి నీవు రాసిన పుటలన్నీ శ్రద్ధగా చదివాను. నవలను మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లీషులోనే చదివి రాశావన్న సంగతి ప్రతి పేరాలోనూ తెలుస్తూ ఉంది. పోలిక వ్యాసాలు రాసేవారిలో సినిమా చూసి, నవల సారాంశం ఎక్కడో చదివి సరిపెట్టుకునేవారే ఎక్కువ కనుక, ఆ ఒక్క విషయంలోనే నీవు సగం పని చేసినట్టు. మిగిలిన సగం గురించే ఈ లేఖ.

వ్యాసమంతా ‘నవలలో ఇలా ఉంది, సినిమాలో ఇలా లేదు’ అన్న ఒక్క వాక్యాన్నే వేషాలు మార్చి నడిపించావు. నవలలో లేని 1462 నాటి యుద్ధంతో సినిమా మొదలవుతుందనీ, జోనథన్ భార్య మీనాకూ డ్రాకులాకూ మధ్య ప్రేమ నవలలో లేదనీ, నవలలో అతడిని వేటాడిన జోనథన్, క్విన్సీల కత్తులకు కూలిన డ్రాకులా సినిమాలో మీనా చేతిలో కన్నుమూస్తాడనీ వరసగా ఏకరువు పెట్టావు. వీటిలో తప్పు లేదు. అయితే ఒక తేడాకూ మరో తేడాకూ మధ్య ఉన్న చుట్టరికాన్ని నీవు వెదకలేదు. అందువల్ల చదివేవాడికి అవన్నీ దర్శకుడి ఇష్టారాజ్యంగా కనిపిస్తాయి. ‘సినిమా నవలకు న్యాయం చేయలేదు’ అని చివర నీవిచ్చిన తీర్పు కూడా విమర్శలాగా కాక, ఇష్టమైన పుస్తకాన్ని ఎవరో ముట్టుకున్నారన్న కోపంలాగా వినిపిస్తుంది.

నేనైతే ఇలాంటి వ్యాసానికి కూర్చునే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటాను. ఈ నవల దేని బలం మీద నడుస్తోంది? అది తెలిసిన తరువాత, సినిమా ఆ బలాన్ని ఉంచుకుందా, వదులుకుందా, వదులుకుంటే దాని చోట ఏమి తెచ్చి పెట్టింది అని చూస్తాను. మిగిలిన మార్పుల్లో చాలా భాగం ఆ ఒక్క నిర్ణయం వెంటనే వస్తాయి. ‘డ్రాకులా’ విషయంలో ఆ బలం కాగితం. మాట వింతగా తోచవచ్చు, కాస్త ఓపికగా విను.

ఇరవై ఏడు అధ్యాయాల ఆ నవలకు కథకుడంటూ ఎవరూ లేరు. ఉన్నవి దినచర్యలు, ఉత్తరాలు, తంతి వార్తలు, పత్రికల్లోంచి కత్తిరించిన వార్తలు, ఒక ఓడ కెప్టెన్ రాసుకున్న లాగ్, పిచ్చాసుపత్రి నడిపే డాక్టర్ సీవార్డ్ ఫోనోగ్రాఫులో మాటలుగా దాచుకున్న డైరీ. ఇంతమంది మాట్లాడే ఈ పుస్తకంలో డ్రాకులా తన చేత్తో రాసిన ఆత్మకథ ఒక్క పుటైనా లేదు. అతడు ఏమన్నాడో, ఏమి చేశాడో అతడికి భయపడినవారు రాసిపెట్టుకున్నంత మేరకే మనకు తెలుస్తుంది. మన బేతాళుడితో పోలుస్తూ నీవు ఒక పేరా రాశావు. రిచర్డ్ బర్టన్ 1870లో విక్రమార్కుడి కథలను ఇంగ్లీషు చేసినప్పుడు బేతాళుడిని రక్తపిశాచుల జాబితాలో చేర్చిన మాట నిజమే. కానీ నీవు చూడవలసిన తేడా రక్తం దగ్గర లేదు. బేతాళుడు కథలు చెప్పేవాడు, శవం మీద కూర్చుని కూడా మాట తనదే. డ్రాకులా కథ మొత్తం ఇతరుల చేతిరాత. ఈ ఒక్క వాక్యం ఉంచి, ఆ పేరాలో మిగిలినదంతా కొట్టెయ్యి.

ఇప్పుడు నవలలో కాగితం ఎంత దూరం పోతుందో చూడు. ఇంటి కొనుగోలు పని మీద వచ్చి డ్రాకులా కోటలో బందీ అయిన ఇంగ్లీషు లాయరు జోనథన్ హార్కర్ తన డైరీని షార్ట్‌హ్యాండులో రాస్తాడు. ఆ గీతలు డ్రాకులాకు అర్థం కావు. మీనాకు అలాంటి లిపిలో రాసిన ఉత్తరం ఒకటి చేతికి చిక్కినప్పుడు దానిని దీపం మంటలో పెట్టి కాల్చేస్తాడు. అంతకు ముందే అతడు హార్కర్ చేత ఇంటికి మూడు ఉత్తరాలు రాయిస్తాడు: పని ముగియవచ్చిందని ఒకటి, మరునాడు బయలుదేరుతున్నానని ఒకటి, కోట విడిచి బిస్ట్రిట్జ్ పట్నం చేరానని ఒకటి. ఏ తేదీలు వేయాలని అడిగితే డ్రాకులా క్షణం లెక్కవేసుకుని జూన్ 12, జూన్ 19, జూన్ 29 అని చెబుతాడు. తన ఆయుష్షు ఎన్నాళ్ళో ఇప్పుడు తెలిసిందని హార్కర్ ఆ రాత్రి డైరీలో రాసుకుంటాడు. రక్తం లేదు, కోరలు లేవు, ఉత్తరం మీద ఒక తేదీ ఉంది. ఆ నవల మొత్తంలో ఇంతకంటె చల్లగా వెన్నులోకి దిగే చోటు నాకు కనిపించలేదు.

లండన్ వైపు కథ వచ్చిన తరువాత కూడా ఇదే తీరు. డ్రాకులా కాటుకు గురైన మీనా స్నేహితురాలు లూసీ ప్రాణం మీదికి వచ్చిన రోజుల్లో, ఆ రాత్రి తప్పకుండా ఆమె ఇంట్లో కాపలా ఉండమని, ఆమెకు వైద్యం చేస్తున్న ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ సీవార్డ్‌కు తంతి ఇస్తాడు. చిరునామాలో కౌంటీ (జిల్లా) పేరు లేకపోవడం వల్ల అది మరో ఊరికి పోయి ఇరవై రెండు గంటలు ఆలస్యంగా చేరుతుంది. స్టోకర్ ఈ సంగతిని సంభాషణలో చెప్పించడు. తంతి కాగితం మీద బ్రాకెట్లలో ఉన్న తపాలా శాఖ వివరణగా ఇస్తాడు. దానిని చదివిన మనకు ఆ రాత్రి కాపలా లేదని తెలిసిపోతుంది, లూసీకి మాత్రం తెలియదు. భయం పుట్టించే పనిని రచయిత ఒక గుమాస్తాకు అప్పగించిన చోటు అది.

ఇక మీనా. నీ వ్యాసంలో ఆమెను ‘కథానాయిక’ అని ఒక్క మాటలో తేల్చేశావు. నవలలో ఆమె చేసే పని ఏమిటో గమనించు. భర్త షార్ట్‌హ్యాండు డైరీని, సీవార్డ్ గొంతులో ఉన్న ఫోనోగ్రాఫు డైరీని టైపు చేసి, మూడేసి ప్రతులు తీసి, అందరి కాగితాలనూ తేదీల వారీగా ఒక చోట చేరుస్తుంది. అలా చేర్చిన తరువాతే ఎవరికి వారు విడివిడిగా చూసినదంతా ఒకే ప్రాణి చేసిన పని అని ఆ బృందానికి పూర్తిగా తెలుస్తుంది. డ్రాకులాకు కూడా ఈ ప్రమాదం అర్థమవుతుంది. సీవార్డ్ ఇంట్లో చొరబడి రాతప్రతులనూ, ఫోనోగ్రాఫు సిలిండర్లనూ మంటల్లో వేస్తాడు. ఇనప్పెట్టెలో మరో ప్రతి ఉన్నందువల్ల వారు బతికిపోతారు. చివరి వేటలో అతడి పెట్టె ఏ నది మీదుగా కోటకు వెళ్తోందో కాగితం మీద తర్కించి తేల్చేదీ మీనాయే. మన అనంతపురంలో ఒకప్పుడు వీధికొకటి చొప్పున ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు పాసైనవారికి ఈ నవల విమర్శకులకంటె బాగా అర్థమవుతుందని నేను నవ్వుతూ అంటుంటాను కానీ, అందులో నిజం లేకపోలేదు. కార్బను కాగితం విలువ తెలిసినవారికి ఆ ఇనప్పెట్టె విలువ తెలుస్తుంది.

ఇంత చేసి స్టోకర్ చివర ఒక మెలిక పెట్టాడు. ఏడేళ్ళ తరువాత హార్కర్ ఆ కట్టను తిరగేస్తే అందులో అసలు పత్రమంటూ దాదాపు ఏదీ లేదు, అన్నీ టైపు ప్రతులే. ఎవరినైనా నమ్మమని అడగడానికి ఆధారం లేదు. కాగితాన్ని ఆయుధంగా నడిపిన రచయిత ముగింపులో దాని మీదనే అనుమానం వదిలిపెట్టాడు.

అదే నవలలో గడ్డం గీసుకునే ఘట్టాన్ని తీసుకో, నీ వ్యాసంలో రెండు పంక్తుల్లో దాటవేశావు. హార్కర్ కిటికీ దగ్గర చిన్న అద్దం వేలాడదీసుకుని గడ్డం గీసుకుంటున్నాడు. భుజం మీద చెయ్యి పడి, శుభోదయం చెబుతున్న డ్రాకులా గొంతు వినిపిస్తుంది. వెనకనున్న గదంతా అద్దంలో కనిపిస్తున్నా మనిషి మాత్రం కనిపించడు. ఉలికిపాటుకు కత్తి తగిలి గడ్డం మీదుగా రక్తం కారుతుంది. డ్రాకులా కళ్ళు మండుతాయి, చెయ్యి గొంతు మీదికి వస్తుంది, సిలువ కట్టిన పూసల దండ తగలగానే ఆ ఆవేశం అంతే వేగంగా చల్లారుతుంది. అద్దాన్ని తీసి కిటికీలోంచి కింది ముంగిట్లోకి విసిరేసి వెళ్ళిపోతాడు. ఆ తరువాత హార్కర్ రాసుకున్న మొదటి చింత ఏమిటో తెలుసునా? ఇక గడ్డం గీసుకోవడం ఎలాగ, గడియారం మూతలోనో, అదృష్టం కొద్దీ లోహంతో చేసిన సబ్బు గిన్నె అడుగులోనో ముఖం చూసుకోవాలి కదా అని. ప్రాణం పోవలసిన మనిషి గడ్డం గురించి చిరాకు పడడం డైరీలోనే సాధ్యం. భయాన్ని ఆ మామూలుతనమే నమ్మిస్తుంది.

ఈ అద్దం సినిమాల్లో ఎక్కడెక్కడికి పోయిందో వెదికితే నీకు వ్యాసం దానంతటదే తయారవుతుంది. కెమెరా డైరీ రాయలేదు. డైరీలో ‘నేను చూశాను’ అన్నవాడు కూడా తెరమీద మన ఎదుటే నిలబడతాడు, అతడిని చూస్తున్న కన్ను మరొకటి ఉంటుంది. ఆ కన్ను ఎవరి పక్షాన నిలబడాలన్నది ప్రతి దర్శకుడూ కొత్తగా తేల్చుకోవలసిందే.

1922లో జర్మనీలో ముర్నౌ తీసిన ‘నోస్ఫెరాటు’ను నీవు పేరుకు మాత్రమే ప్రస్తావించావు. నవల హక్కులు కొనకుండా, డ్రాకులాను ఓర్లాక్‌గా, హార్కర్‌ను హుట్టర్‌గా పేర్లు మార్చి తీసిన చిత్రమది. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ వేసిన దావాలో ప్రతులన్నీ నాశనం చేయాలని 1925లో తీర్పు వచ్చినా, అక్కడక్కడ మిగిలిన ప్రతుల వల్ల మనదాకా వచ్చింది. అందులో గడ్డం గీసుకునే అద్దం లేదు. భోజనం దగ్గర రొట్టె కోస్తూ హుట్టర్ బొటనవేలు కోసుకుంటాడు, ఓర్లాక్ ఆ వేలి కోసం వంగుతాడు. కాగితం కొంత మిగిలింది, రక్తపిశాచుల గురించిన పుస్తకాన్ని హుట్టర్ భార్య ఎలెన్ చదువుతుంది. కానీ ఓర్లాక్‌ను చంపేది వెలుగు. ఎలెన్ అతడిని తెల్లవారేదాకా తన దగ్గర నిలిపి ఉంచితే, ఉదయపు కాంతి పడగానే పొగై మాయమవుతాడు. నవలలో ఇది లేదు. నవలలోని డ్రాకులా పగటిపూట బలహీనపడతాడే తప్ప చావడు. పట్టపగలు లండన్‌లో పికడిల్లీ వీధిలో నిలబడి ఒక అమ్మాయి వంక చూస్తుండగా హార్కర్ కంటబడతాడు కూడా. వెలుగునూ నీడనూ తప్ప మరో సామగ్రి ఎరుగని మూగ సినిమా, తన దగ్గర ఉన్నదానినే ఆయుధం చేసుకుంది. మెట్ల గోడ మీద ఓర్లాక్ నీడ ఒక్కటే పైకి పోవడం, ఆ నీడ చెయ్యి ఎలెన్ గుండె మీద బిగుసుకోవడం చూస్తే, మీ ధర్మవరం పక్కనే నిమ్మలకుంటవారు ఆడే తోలుబొమ్మలాటలో దీపానికీ తెరకూ మధ్య జరిగే పని గుర్తుకు రాక మానదు.

ఇక్కడే నీ వ్యాసంలో దిద్దుకోవలసిన పొరపాటు ఒకటి ఉంది. రక్తపిశాచి ఎండలో కాలిపోతుందన్న ‘మూల సూత్రాన్ని’ కొప్పోలా పక్కన పెట్టి, అతడిని పగలే లండన్ వీధుల్లో తిప్పాడని ఆక్షేపించావు. ఆ సూత్రం నవలది కాదు, ముర్నౌ చిత్రం నుంచి వచ్చినది. ఆ విషయంలో నీవు తప్పు పట్టిన దర్శకుడే నవల వెంట నడిచాడు. నవలను ఇంత శ్రద్ధగా చదివిన నీకే ఇలా జరిగిందంటే, సినిమాలు మన తలలో ఎంత ముందుగా చోటు పట్టుకుంటాయో చూడు. అందుకే నవల చదువుతున్నప్పుడు ప్రతి అధ్యాయానికీ నాలుగు పంక్తుల గమనిక రాసుకో. సినిమా చూసిన తరువాత ఆ గమనికల్లో లేనిదేదీ నవల పేరుమీద రాయకు.

1931లో హాలీవుడ్ సంస్థ యూనివర్సల్ తీసిన చిత్రం సంగతి మరోలా ఉంటుంది. టాడ్ బ్రౌనింగ్ దర్శకత్వంలో బేలా లుగోసి నటించిన ఆ చిత్రానికి తల్లి నవల కాదు, నాటకం. హామిల్టన్ డీన్ 1924లో ఇంగ్లండులో ఆడించిన నాటకాన్ని, 1927లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్వే కోసం బాల్డర్‌స్టన్ తిరగరాశాడు. లుగోసి ఆ బ్రాడ్వే వేదిక మీదనుంచే తెరమీదికి వచ్చాడు. కనుకనే సినిమాలో సగం కథ సీవార్డ్ ఇంటి హాలులో కూర్చుని మాట్లాడుకోవడంతో గడుస్తుంది, మీనా సీవార్డ్ కూతురవుతుంది, కోటకు హార్కర్‌కు బదులు, నవలలో సీవార్డ్ ఆసుపత్రి రోగి అయిన రెన్‌ఫీల్డ్ వెళ్తాడు. గడ్డం గీసుకునే అద్దం వాన్ హెల్సింగ్ చేతిలో సిగరెట్ల డబ్బా మూతకున్న అద్దంగా మారుతుంది. దానిని ముఖం ఎదుట తెరిచి పట్టుకోగానే డ్రాకులా ఒక్క దెబ్బతో కింద పడగొడతాడు. నవలలో బందీ ఒంటరిగా చూసిన వింత, ఇక్కడ అందరి ఎదుట ప్రవేశపెట్టిన సాక్ష్యమైంది. కాగితం చోటికి వచ్చినది ఇద్దరు మనుషుల సంకల్పబలం: డ్రాకులా చెయ్యి చాచి దగ్గరికి రమ్మని ఆజ్ఞాపించడం, వాన్ హెల్సింగ్ రెండడుగులు వేసి నిలదొక్కుకోవడం. వంశవృక్షం చూడకుండా ఈ చిత్రాన్ని నవలతో పోలిస్తే తండ్రి పోలికలు వెదకవలసిన చోట ముత్తాత పోలికలు వెదికినట్టే. కొప్పోలా గురించి రాసేటప్పుడు కూడా అతడి ముందు ఈ చిత్రాలన్నీ ఉన్నాయన్న సంగతి మరువకు.

1958లో ఇంగ్లండులోని హామర్ సంస్థకు టెరెన్స్ ఫిషర్ తీసిన రంగుల చిత్రాన్ని ఒక పేరాలో ముగించవచ్చు. క్రిస్టఫర్ లీ డ్రాకులా, పీటర్ కుషింగ్ వాన్ హెల్సింగ్. ఇంగ్లండు ప్రయాణమే లేదు, గబ్బిలంగా మారడం లేదు. అది జనం నమ్మే అపోహ అని వాన్ హెల్సింగ్ చేతనే అనిపించారు. తక్కువ డబ్బుతో తీసేవారికి అపోహలు ఎంత మేలు చేస్తాయో! చివర కిటికీ తెర పీకేసి, రెండు కొవ్వొత్తి స్తంభాలను సిలువగా పట్టుకుని డ్రాకులాను ఎండలోకి నెట్టే ఆ పరుగు మాత్రం చూసి తీరాలి.

ఇక నీ అసలు విషయానికి వస్తాను. కొప్పోలా కాగితాన్ని వదల్లేదు. ఆ రకంగా ముందువారందరికంటె నవలకు దగ్గరగా ఉన్నాడు. డైరీలు చదివే గొంతులు, టైపురైటరు, ఫోనోగ్రాఫు అన్నీ అతడి చిత్రంలో ఉన్నాయి. హార్కర్ ప్రయాణాన్ని ‘అద్భుతంగా చిత్రీకరించారు’ అని రాసి వదిలేశావు. అద్భుతం అన్న మాట తీసేసి, నీవు చూసినది రాయి: తెర కింది భాగాన తెరిచి ఉన్న పెద్ద డైరీ పుటలు, వాటి పై అంచు వెంట పొగ వదులుతూ పోతున్న చిన్న రైలు. కంప్యూటరు సాయం లేకుండా పెద్ద పుస్తకమూ బొమ్మ రైలూ చేయించి కెమెరాలోనే పట్టిన దృశ్యమది. ఇలా రాస్తే, నవల రూపమే సినిమాలో దృశ్యంగా మారిందన్న మాట నీవు విడిగా చెప్పవలసిన పని ఉండదు.

అయితే ఆ కాగితాలకు సినిమాలో పెత్తనం లేదు, అలంకారం ఉంది. పెత్తనం మరొకరి చేతికి పోయింది. సినిమా మొదలవుతూనే, ఏ డైరీకీ అందని 1462లో, ఎవరూ సాక్షులు లేని చోట డ్రాకులా దుఃఖాన్ని చూపిస్తుంది. యుద్ధం నుంచి తిరిగి వచ్చేసరికి, తాను చనిపోయానన్న అబద్ధపు వార్త నమ్మి నదిలో దూకిన భార్య శవం ఎదుట ఉంటుంది. అతడు దేవుడిని తిరస్కరిస్తాడు. ఒక్కసారి ఆ గాయాన్ని మనం కళ్ళారా చూసిన తరువాత, అతడి గురించి ఇతరులు ఏమి రాసుకుంటే మనకేమి? అతడి పక్షాన నిలబడిన కెమెరా ఉంది. అక్కడి నుంచి మిగిలినవన్నీ వరసగా వస్తాయి: ఆ భార్యనూ మీనానూ ఒకే నటి, వినోనా రైడర్, పోషించడం, గడ్డం ఘట్టంలో డ్రాకులా వేసిన గ్యారీ ఓల్డ్‌మన్ కత్తి తీసుకుని హార్కర్‌కు కనబడకుండా దాని మీది రక్తాన్ని నాకడం, అంటే బందీకి తెలియనిది ప్రేక్షకుడికి తెలియడం, చివర మీనా దయతో అతడి తల తెగవేయడం. నీవు విడివిడిగా రాసిన తేడాలు ఇవే. ఒక దారానికి గుచ్చితే అవి ఆక్షేపణలు కావు, ఒక నిర్ణయానికి ఫలితాలు అవుతాయి.

‘నవలలో ప్రేమ ఛాయ కూడా లేదు’ అన్న నీ వాక్యం కూడా నిలవదు. మూడవ అధ్యాయంలో, కోటలోని ముగ్గురు స్త్రీలు అతడికి ప్రేమించడం ఏనాడూ రాదని ఎగతాళి చేసినప్పుడు, తానూ ప్రేమించగలనని, గతంలో జరిగినదానిని బట్టి ఆ సంగతి వారికే తెలుసునని డ్రాకులా మెల్లగా బదులిస్తాడు. స్పృహ తప్పబోతున్న హార్కర్ వింటాడు. స్టోకర్ ఆ మాటను మళ్ళీ ముట్టుకోలేదు. ఇక ఇరవై మూడవ అధ్యాయంలో మీనా, ఈ ఘోరమంతా చేసిన ఆ ఆత్మే అందరికంటె దీనమైనదని చెప్పి, అతడిని వేటాడేవారిని జాలి చూపమంటుంది. చివర అతడి ముఖం మీద ఒక్క క్షణం శాంతి కనిపించిందని కూడా రాస్తుంది. రెండు గంటలకు పైబడిన సినిమా ఈ రెండు మూడు విత్తనాల నుంచి పెరిగింది. సినిమా చేర్చినది ఏదైనా కనిపిస్తే, దానికి నవలలో మొలక ఎక్కడుందో వెదకడం నీకు అలవాటు కావాలి. వెదికినా దొరకనప్పుడే ‘లేదు’ అని రాయి. 1462 నాటి వ్లాద్ (డ్రాకులా అని పేరున్న వలాకియా ప్రభువు) కథ విషయంలో అలా రాయవచ్చు: ఇంగ్లండులోని విట్బీ గ్రంథాలయంలో చదివిన విల్కిన్సన్ చరిత్ర పుస్తకం నుంచి స్టోకర్ ఆ పేరునూ, టర్కులతో యుద్ధం గురించి నాలుగు ముక్కలనూ తీసుకున్నాడే కానీ, వ్లాద్ జీవితకథను నవలలోకి తేలేదు. నవలలోని డ్రాకులాకూ వ్లాద్‌కూ ముడి గట్టిపడింది 1972లో చరిత్రకారులు మెక్‌నాలీ, ఫ్లోరెస్కూల పుస్తకం వచ్చిన తరువాత. స్టోకర్ ట్రాన్సిల్వేనియా వెళ్ళి కోటలు చూసి వచ్చాడన్న నీ వాక్యం మాత్రం పూర్తిగా తప్పు. ఆయన ఆ నేల మీద ఎన్నడూ అడుగు పెట్టలేదు.

నవల మీద నీవు వేసిన నింద ఒకటి ఉంది. నాలుగవ అధ్యాయం తరువాత డ్రాకులా కనిపించకపోవడం ‘రచయిత లోపం’ అన్నావు. ఎర్రటి కళ్ళ మెరుపుగా, తోడేలుగా, కిటికీ సందులోంచి వచ్చే పొగమంచుగా తప్ప అతడు అరుదుగా ఎదురుపడడం వల్లే అతడు అంతటా ఉన్నట్టు అనిపిస్తుంది. కనబడని పాత్రలతో కథ నడపడం మనకు కొత్త కాదు. మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో ‘మాయాబజార్’ తీసినప్పుడు, పాండవుల ఇంటి పెళ్ళి కథలో పాండవులను ఒక్కసారి కూడా తెరమీదికి తేలేదు, ఆ లోటు చూసినవారికి తోచనూ లేదు. కానీ డ్రాకులా వేషానికి పేరున్న నటుడిని పెట్టుకున్న నిర్మాత అతడిని పొగమంచు చేసి కూర్చోబెట్టలేడు. ఐకో ఇషియోకా ఆ చిత్రానికి కుట్టిన దుస్తులు చూడు: చర్మం వలిచిన కండరాల్లాంటి ఎర్రటి కవచం, నేలమీద బారెడు పొడవున ఈడ్చుకుపోయే ఎర్రటి అంగీ. దాచుకోవలసిన వాడికి అలాంటి బట్టలు కుట్టించరు. ఆ చిత్రానికి మూడు ఆస్కార్లు వచ్చాయని మొదలుపెట్టిన నీ మొదటి పేరా తీసెయ్యి. ఆ దుస్తుల మాట మాత్రం ఇక్కడికి తెచ్చుకో.

మరొక పేరా గురించి కాస్త కటువుగానే చెబుతాను. రక్తదాహం అనగానే మన సీమ ఫ్యాక్షన్ గొడవలను తెచ్చి, ‘మా నేలకు డ్రాకులాలు కొత్త కాదు’ అని రాశావు. రాయలసీమ అంటే కొడవళ్ళూ సుమోలూ తప్ప మరేమీ తెలియని సినిమాలు ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని చేస్తూనే ఉన్నాయి, వాటికి నీ సాయం అక్కరలేదు. వ్యాసం నిలబడడానికి ఆ పోలిక ఏమీ చేయడం లేదు. చప్పట్ల కోసం రాసిన వాక్యమని చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. ఈ ప్రాంతం నుంచి రాస్తున్నావన్న సంగతి నీ తెలుగులో తెలిస్తే చాలు.

రెండవ ప్రతిని గడ్డం ఘట్టంతో మొదలుపెట్టు. నవలలోని అద్దాన్ని చూపించి, అక్కడి నుంచి కాగితం దగ్గరికి వెళ్ళు. తరువాత 1992 చిత్రంలో అదే ఘట్టాన్ని చూపించి, కెమెరా ఎవరి పక్షాన ఉందో అడుగు. మిగిలిన చిత్రాలు అవసరమైనంత మేరకే రావాలి. పొడవు ఇప్పుడున్నదానిలో సగం చాలు.

దానికి ముందు ఒక చిన్న అభ్యాసం. 1931 చిత్రం తీస్తున్న రోజుల్లోనే యూనివర్సల్ వారు అవే సెట్లలో, దాదాపు అదే కథనంతో, రాత్రిపూట స్పానిష్ భాషలో మరో ‘డ్రాకులా’ తీశారు. దర్శకుడు జార్జ్ మెల్‌ఫోర్డ్, డ్రాకులా కార్లోస్ వియ్యారియాస్. నిడివి ఇంగ్లీషు చిత్రంకంటె దాదాపు అరగంట ఎక్కువ. రెండింటిలోనూ రెన్‌ఫీల్డ్ కోటలోకి అడుగుపెట్టి, మెట్ల మీద డ్రాకులాను మొదటిసారి చూసే ఘట్టం ఒక్కటే తీసుకో. కెమెరా ఎక్కడుంది, ఎప్పుడు కదిలింది, ఎవరు ముందు కనిపించారు అన్నవి మాత్రమే రెండు పుటల్లో రాయి. ఏది బాగుందో చెప్పవద్దు. దానిని వ్యాసం రెండవ ప్రతితో కలిపి పంపు. చేతిరాత అయినా పరవాలేదు, దిద్దడానికి పంక్తుల మధ్య చోటు మాత్రం వదులు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి